మంచులో ఒక వంతెన

లండన్ నడిబొడ్డున థేమ్స్ నది మీద ఒక రాతి వంతెన. దాన్ని నలభైసార్లకు పైగా గీసిన ఒక ఫ్రెంచి చిత్రకారుడు. ఆ వంతెనను పడగొట్టి తొంభై ఏళ్లు కావస్తోంది. దాన్ని కమ్మిన పొగమంచూ పోయింది. బొమ్మలు మిగిలాయి. ఏటిలో నీళ్లు పారితే ఊరంతా చూడబోయే చౌడేపల్లె నుంచి ఆ బొమ్మల్ని చూస్తే ఏం కనిపిస్తుంది?

"బ్రిడ్జి యాడుండాది సార్?"

మా తొమ్మిదో తరగతి వెనక బెంచీ నుంచి లేచిన ప్రశ్న ఇది. చౌడేపల్లె పక్కన మేం చదివిన బడికి వారానికి రెండు రోజులు ఒక డ్రాయింగ్ సారు వచ్చేవారు. ఒకరోజు ఏదో పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన రంగుల పేజీని అట్టకు అంటించి తెచ్చి, నల్లబల్లకు ఆనించి నిలబెట్టారు. "ఇది లండన్‌లో వాటర్లూ బ్రిడ్జి. గీసినాయన పేరు క్లాడ్ మోనే" అన్నారు. మేం మెడలు సాచి చూశాం. వంకాయ పువ్వు రంగు పొగ. దాని కింద ఇంకాస్త ముదురు పొగ. ఆ రెంటి మధ్య బూడిదరంగులో రెండు మూడు వంపులు. వంపుల మీద అక్కడక్కడా, గోరింటాకు వేలికొన పొరపాటున తగిలినట్టు, ఎర్రటి చుక్కలు. అంతే. వానకు తడిసి రంగులు కారిపోయిన పేజీని తెచ్చారేమో అనుకున్నాం. అప్పుడే మావాడు లేచి అడిగేశాడు. క్లాసంతా గొల్లుమంది.

సారుకు కోపం రాలేదు. "రేయ్ అబ్బోడా, ధనుర్మాసంలో తెల్లారగట్ల చెరువు మరవ కాడికి పో. ఆడ మోరీ ఉంది గదా, అది యాడుండాదో చూసి నాకు చెప్పు. బ్రిడ్జి యాడుండాదో అప్పుడు నేను నీకు చెప్తా" అన్నారు.

మరవ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే చోటు. ఆ నీళ్లు దాటడానికి బాట మీద కట్టిన చిన్న రాతి వంతెన మా మోరీ. జవాబు తెలీక సారు దాటేశారని మేం నవ్వుకున్నాం. ఆ ధనుర్మాసంలో ఎవరమూ దుప్పటి వదిలి మరవ కాడికి పోలేదు.

ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది 2024లో. ఆ ఏడు సెప్టెంబరు చివర్లో లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీ మోనే గీసిన థేమ్స్ బొమ్మల్ని దేశదేశాల నుంచి తెప్పించి ఒకచోట వేలాడదీసింది. తన లండన్ బొమ్మల్ని లండన్‌లోనే చూపించాలని మోనే 1905లో అనుకున్నాడట. పడలేదు. ఆ కోరిక తీరేసరికి సుమారు 120 ఏళ్లు గడిచిపోయాయి. ఆ బొమ్మలు మొదలైన హోటలు గది ఆ గ్యాలరీకి మూడు వందల మీటర్ల దూరం. మా ఊళ్లో బస్సు దిగి బడికి నడిచేంత.

కిటికీ దగ్గర కొలువు

మోనేకు లండన్ కొత్త కాదు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చినప్పుడు తప్పించుకుని తొలిసారి వెళ్లాడు. అప్పటికి ముప్పై ఏళ్లవాడు, చేతిలో డబ్బు లేనివాడు. మళ్లీ బొమ్మల కోసమని 1899 సెప్టెంబరులో వెళ్లినప్పుడు వయసు అరవైకి దగ్గరపడింది, పేరు యూరపంతా తెలుసు. నది ఒడ్డున సవాయ్ హోటల్లో, ఆరో అంతస్తులో దిగాడు. కిటికీలోంచి ఎడమచేతి వైపు చూస్తే వాటర్లూ వంతెన, కుడిచేతి వైపు చూస్తే రైళ్లు పోయే చేరింగ్ క్రాస్ వంతెన. 1900లో మళ్లీ వచ్చాడు, 1901లో మళ్లీ వచ్చాడు. మూడోసారి జబ్బుపడి ఇంటికి చేరాడు.

ఆయన దినచర్య మా వైపు కాపుల దినచర్యలాగే ఎండను బట్టి నడిచేది. పొద్దున పూట వాటర్లూ వంతెన. సూర్యుడు నడినెత్తికి జరిగే వేళకు చేరింగ్ క్రాస్ వంతెన. సాయంత్రం నది దాటి సెయింట్ థామస్ ఆసుపత్రికి పోయి అక్కణ్నుంచి పార్లమెంటు భవనం. ఒక్కో దృశ్యానికి ఒక్క కాన్వాసు పెట్టుకుని కూర్చుంటే వేరే మాట. ఈయన పదుల కొద్దీ పెట్టుకున్నాడు. వెలుగు మారగానే చేతిలోది పక్కన పెట్టి, ఇప్పటి వెలుగుకు సరిపోయేది ఏదా అని గదంతా వెతికేవాడు. దొరికేలోపు ఆ వెలుగు పోయేది.

మదనపల్లె టమాటా మండీలో తెల్లవారుజామున కాయలు వేరుచేసేవాళ్ల చేతులు చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. పచ్చిది ఒక గుట్ట, దోరది ఒక గుట్ట, పండు ఒక గుట్ట. చూసేవాడికి అన్నీ టమాటాలే. వేరుచేసే మనిషికి మాత్రం దోరకాయలోనే నాలుగు రకాలు కనిపిస్తాయి. ఢిల్లీ దాకా పోవాల్సింది ఒకటి, రేపే అమ్మాల్సింది ఒకటి. మోనే గదిలో అలా గుట్టలు పోసి ఉన్నది వెలుగు. ఎనిమిది గంటల వెలుగు, ఎనిమిదింబావు వెలుగు, మబ్బు కమ్మిన ఎనిమిదింబావు వెలుగు.

భార్య ఆలిస్‌కు రాసిన ఉత్తరాల్లో ఆ తంటాలన్నీ చెప్పుకున్నాడు. ఒక ఆదివారం నిద్రలేచి కిటికీ తీస్తే మంచు జాడే లేదు, ఆకాశం తేటగా ఉంది. గుండె గుభేలుమంది. ఇక బొమ్మలన్నీ గంగలో కలిసినట్టే అనుకున్నాడు. కాసేపటికి ఇళ్లలో పొయ్యిలు రాజుకున్నాయి. పొగ లేచింది. మంచు కమ్ముకొచ్చింది. ఆయన ప్రాణం కుదుటపడింది. ఈ పొయ్యిల సంగతికి మళ్లీ వద్దాం.

మూడు ప్రయాణాల్లో వందకు దగ్గరగా కాన్వాసులు మొదలుపెట్టాడు. ఫ్రాన్సులో జివెర్నీ అనే పల్లెలో ఉన్న తన ఇంటికి వాటిని మోసుకుపోయి, ఇంకో రెండు మూడేళ్లు జ్ఞాపకం మీద సవరించుకున్నాడు. అందుకే 1900లో మొదలైన చాలా బొమ్మల మీద 1903 అని ఉంటుంది. 1904 మే నెలలో పారిస్‌లో డ్యూరాన్ రుయెల్ గ్యాలరీలో 37 బొమ్మలు జనానికి చూపించాడు. వాటిలో 18 వాటర్లూ వంతెనవే.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు

మా క్లాసు నవ్విన నవ్వును పారిస్ ముందే నవ్వింది. 1874 ఏప్రిల్‌లో నదార్ అనే ఫొటోగ్రాఫరు ఖాళీచేసిన స్టూడియోలో మోనే, రెన్వా, పిసారో, దెగా వంటివాళ్లు కలిసి సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. సర్కారు వారి ప్రదర్శనలో ఈ తరహా బొమ్మలకు చోటు దొరకని రోజులవి. లె హావ్ర్ రేవులో పొద్దుపొడుపును గీసిన బొమ్మకు మోనే 'ఇంప్రెషన్, సూర్యోదయం' అని పేరు పెట్టాడు. చూసిన క్షణంలో మనసు మీద పడిన ముద్ర అని ఆ మాటకు అర్థం. లూయీ లెరువా అనే విలేకరి ఆ పేరును పట్టుకుని, ఇంతకంటే గోడలకు అంటించే కాగితాన్ని ఎక్కువ శ్రద్ధగా చేస్తారంటూ ఎగతాళి రాశాడు. ఆ ఎగతాళి పేరే ఆ గుంపుకు ఇంటిపేరైంది.

ఇంతకీ వాళ్లు చేసిందేమిటి? నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గరికి వెళ్తే సులువుగా అర్థమవుతుంది. మదనపల్లెలో పట్టుచీరలకు పేరున్న చోటు అది. పడుగు నీలం, పేక ఎరుపు పెట్టి నేసిన చీరను కంటికి ఆనించుకుని చూడండి. నీలం పోగు నీలంగానే, ఎర్రపోగు ఎర్రగానే ఉంటాయి. ఊదారంగు ఎక్కడా అద్దలేదు. నాలుగడుగులు వెనక్కు జరిగితే చీర ఊదాగా మెరుస్తుంది. కట్టుకున్న మనిషి కదిలితే ఒక మడతలో నీలం, మరో మడతలో ఎరుపు పైకి తేలతాయి. రంగులు కలిసింది చీరలో కాదు, చూసేవాడి కంట్లో.

మోనే వంతెన కూడా అలా నేసిందే. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో, రష్యాలో హెర్మిటేజ్‌లో, డెన్వర్‌లో, ఇంకా అనేక మ్యూజియాల్లో ఈ వాటర్లూ బొమ్మలు ఉన్నాయి. వాటిలో చాలా బొమ్మల పెద్దపెద్ద ఫొటోలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒకటి తెరిచి వేలితో పెద్దది చేసి చూడండి. వంతెన కమాను కింద నీడ ఉంటుంది కదా, అక్కడ నల్లరంగు కోసం వెతకండి. నీలం ఉంటుంది, ఊదా ఉంటుంది, ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. నలుపు కనిపించదు. నీళ్లలో అడ్డంగా లాగిన పొట్టి గీతలు, లేత గులాబీ మీద నీలం, నీలం మీద పసుపు, కిందిది పూర్తిగా మూసుకుపోకుండా. వంతెన మీద బస్సులూ బండ్లూ పోతున్నాయి. ఒక్కో బండికి కుంచె ఒక్కసారి తగిలించి తీసిన రంగు ముద్ద. చక్రం లేదు, గుర్రం లేదు. దగ్గరగా చూస్తే గోడకు సున్నం కొట్టేటప్పుడు పడిన మరకలు. తెరను చేయి చాచినంత దూరం పెడితే, ఆ మరకలు వరుసగా కదలడం మొదలుపెడతాయి. అవతలి గట్టున కార్ఖానాల చిమ్నీలు సన్నగా నిలబడతాయి.

ఇలా బయటి వెలుగులో, కిటికీ దగ్గర, చకచకా గీయడానికి ఒక చిన్న వస్తువు దారి ఇచ్చింది. రంగు గొట్టం. అంతకుముందు రంగుల్ని పంది మూత్రాశయం తిత్తుల్లో కట్టి పెట్టుకునేవారు. జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు 1841లో తగరపు గొట్టాన్ని కనిపెట్టాడు. మన పళ్ల పేస్టు గొట్టానికి తాత అది. మూత తిప్పి, నొక్కి, వాడుకుని, మళ్లీ మూత పెట్టేయొచ్చు. చిత్రకారుడు గదిలోంచి ఏటిగట్టుకు నడిచివచ్చింది ఆ గొట్టం జేబులో వేసుకునే.

వంతెనను, ఇంటిని, పడవను గీసేవాళ్లు గీసుకోనీ, తనకు కావలసింది వాటిని చుట్టుకుని ఉన్న గాలి అని మోనే ఒకచోట చెప్పాడు. మా సారు చెప్పిందీ ఇదే. కాకపోతే ఆయన గాలి అనలేదు, మోరీ దగ్గరికి పొమ్మన్నారు.

ఆ మంచుకు అసలు పేరు పొగ

పొయ్యిల సంగతికి మళ్లీ వద్దామన్నాను కదా. మోనే మనసు పడిన లండన్ మంచు దేవుడిచ్చిన మంచు ఒక్కటే కాదు. లక్షల ఇళ్లలో, నది అవతలి కార్ఖానాల్లో రాత్రింబవళ్లు మండిన రాక్షసి బొగ్గు పొగ అందులో కలిసింది. ఆ పొగలోంచి సూర్యుడు ఎర్రగా, నారింజగా, ఒక్కోసారి నిమ్మపండు రంగులో దిగేవాడు. మంచు లేకపోతే లండన్ అందమైన ఊరే కాదని మోనే తర్వాత ఒక బొమ్మల వర్తకుడితో అన్నాడు. ఆయన మెచ్చుకున్న ఆ రంగుల్ని ఊరివాళ్లు రోజూ ఊపిరిగా పీల్చారు.

2023లో ఆనా లీ ఆల్బ్రైట్, పీటర్ హైబర్స్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్, మోనే గీసిన దాదాపు వంద బొమ్మల్లో అంచులు ఎంత మసకబారాయో, రంగులు ఎంత తెల్లబారాయో కొలిచి, ఆ కాలపు బొగ్గు పొగ లెక్కలతో పోల్చారు. పొగ పెరిగినకొద్దీ బొమ్మల్లో అంచులు కరిగాయి. వంతెన అంచు మసకగా ఉండటం చిత్రకారుడి కుంచె వాటం మాత్రమే కాదని, ఆయన చాలావరకు ఉన్న గాలినే గీశాడని వాళ్ల వాదన. బొగ్గు పెరిగిన పద్దు ఒకటి గుమాస్తా చిట్టాలో ఉంటే, ఇంకొకటి మోనే కాన్వాసులో ఉందన్నమాట.

ఆ పద్దు చివరికి 1952 డిసెంబరులో చెల్లించాల్సి వచ్చింది. నాలుగైదు రోజులు లండన్ మీద పొగమంచు కదలకుండా కూర్చుంది. వేలమంది చనిపోయారు. నాలుగు వేలని మొదట్లో లెక్క చెప్పారు. పన్నెండు వేల దాకా ఉంటుందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. 1956లో పొగను కట్టడిచేసే చట్టం తెచ్చారు. ఇప్పుడు సవాయ్ కిటికీలోంచి చూస్తే మోనే చూసిన గాలి కనిపించదు. కనిపించకపోవడమే మంచిది.

మన దగ్గర కార్తీకం దాటాక తెల్లారగట్ల బాట మీద పరుచుకునేది చాలావరకు నికరమైన మంచే. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె అన్నీ పీఠభూమి మీది ఊళ్లు. మదనపల్లె సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే హార్స్‌లీ కొండలు. చెరువుల మీదుగా లేచే చలి ఆవిరి గుంతల్లో నిలుస్తుంది. అయినా ఇటుక బట్టీల పక్కగా పోయేటప్పుడు ఆ తెల్లదనంలో ఒక గోధుమరంగు చార కనిపిస్తుంది. బొమ్మగా అది బాగుంటుంది. మోనే దాన్ని వదిలేవాడు కాదు. మనం మాత్రం బొమ్మనూ చూడాలి, చారనూ చూడాలి.

కొత్త వంతెన, పాత పుల్

వంతెనను పట్టుకున్నవాడు మోనే ఒక్కడే కాదు. రెన్వా 1872లో పారిస్‌లోని పాంట్ నఫ్‌ను గీశాడు. ఎదురుగా ఉన్న ఒక కాఫీ హోటలు మేడ మీద కూర్చున్నాడు. వంతెన మీద జనం ఆగకుండా నడిచిపోతుంటే మనుషుల్ని పట్టుకునేదెలా? తమ్ముడు ఎడ్మండ్‌ను కిందికి పంపాడు. అతడు దారినపోయేవాళ్లను ఆపి, టైమెంతైంది, ఫలానా చోటుకు దారెటు అని అడగడం. వాళ్లు ఆగి జవాబు చెప్పేలోపు పైన అన్న వాళ్ల రూపం గీసుకోవడం. ఆ బొమ్మలో చేతికర్రతో, గడ్డిటోపీతో రెండుచోట్ల కనిపించేది ఆ తమ్ముడే అంటారు. యుద్ధమూ, కమ్యూన్ తిరుగుబాటూ పారిస్‌ను అతలాకుతలం చేసి అప్పటికి ఏడాదే అయింది. రెన్వా వంతెన మీద మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ, నీలి నీడలు, పనులమీద పోయే జనం.

పాంట్ నఫ్ అంటే కొత్త వంతెన. పారిస్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే అన్నిటికంటే పాతది. దానికి మూడో హెన్రీ రాజు పునాదిరాయి వేసింది 1578లో. ఇక్కడ మనవాళ్లకు ఒక వేడుకైన సంగతి ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండ నుంచి మూసీ దాటడానికి 22 కమానుల వంతెన కట్టించిందీ 1578లోనే. హైదరాబాద్ నగరం పుట్టకముందే పుట్టిన వంతెన అది. దాని పేరు పురానాపుల్, పాత వంతెన. ఒకే ఏటి కవలల్లో ఒకరికి కొత్తమ్మ అనీ ఒకరికి పాతమ్మ అనీ పేరుపెట్టినట్టుంది. 1908 మూసీ వరద పురానాపుల్‌ను గాయపరచింది కానీ కొట్టుకుపోయేలా చేయలేకపోయింది.

పిసారో కథ వేరు. వయసు మళ్లాక కంటి జబ్బు పట్టుకుంది. గాలి, దుమ్ము తగలకూడదన్నారు. ఆయన హోటలు గదుల కిటికీల వెనక్కు చేరాడు. 1896లో రువాన్ ఊళ్లో కిటికీలోంచి బొయెల్‌ద్యూ ఇనుప వంతెనను గీశాడు. వానలో తడిసిన నేల, గొడుగులు, సరుకు బండ్లు, ఓడల పొగ. చివరి ఏళ్లలో పారిస్‌లో పాంట్ నఫ్ ఎదురుగానే ఇల్లు తీసుకుని దాన్నీ గీశాడు. రెన్వాకు వంతెన మనుషులు నడిచే వేదిక. పిసారోకు సంత. మోనేకు వెలుగు ఆరబెట్టుకునే దండెం.

అదే ఏడు గోదావరి మీద

1900లో మోనే సవాయ్ కిటికీ దగ్గర కూర్చున్న ఏడే మనకూ ఒక వంతెన పూర్తయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచాయి. 56 స్పాన్లు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలుకు గోదావరిని దాటే దారి దొరికింది. 1997 దాకా పనిచేసి, పక్కన కమానుల వంతెన వచ్చాక విశ్రాంతి తీసుకుంది.

వంతెన పని మొదలైన 1897లోనే రాజమండ్రిలో దామెర్ల రామారావు పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు, తానే స్వయంగా చిత్రకారుడు అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఉన్నదాన్ని గుర్తించాడు. ఆ చేయూతతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లాడు. తిరిగొచ్చి ఆంధ్ర చిత్రకళకు ఒక బడి కట్టాడు. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. 28 ఏళ్లు నిండలేదు. మోనే ఆ తర్వాతి ఏడు, 86 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఒకరికి వెలుగును నలభైసార్లు తిరగరాసుకునేంత ఆయుష్షు ఉంది. ఇంకొకరికి అది లేకపోయింది. రామారావుది ఇంప్రెషనిస్టుల దారి కూడా కాదు. తేటైన గీతా, భారతీయ రూపమూ ఆయన వెతుకులాట. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ ఆ బొమ్మలు చూడొచ్చు.

మా సీమకూ కళ గాలి సోకకపోలేదు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు రవీంద్రనాథ్ టాగూర్ వచ్చాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసిందీ ఇక్కడే. ఆమె భర్త జేమ్స్ కజిన్స్, ఐర్లండ్ నుంచి వచ్చిన కవి, ఆ కాలేజీలోనే ఉండేవాడు. బెంగాలు చిత్రకారుల్ని దేశమంతా చూడాలని పట్టుబట్టి, వ్యాసాలు రాసి, ప్రదర్శనలు పెట్టించి, తర్వాత మైసూరు, తిరువనంతపురం గ్యాలరీలకు అండగా నిలిచాడు. బొమ్మను ఎలా చూడాలన్న చర్చ వందేళ్ల కిందటే మదనపల్లెలో, బాహుదా ఏటి ఒడ్డున జరిగిందంటే, మా సారు మాట ఉత్తపుణ్యానికి పుట్టింది కాదనిపిస్తుంది.

పొయ్యిలో పోయిన వంతెన

మోనే గీసిన వాటర్లూ వంతెనను 1817లో వాటర్లూ యుద్ధం రెండో సంవత్సరీకం నాడు తెరిచారు. జాన్ రెన్నీ కట్టిన తొమ్మిది కమానుల గ్రానైటు వంతెన. కింద నది పునాదుల్ని కోసేసింది. 1920ల్లో కమాను కుంగింది. 1934లో పడగొట్టడం మొదలుపెట్టారు. దాని రాళ్లను దూరదేశాలకు జ్ఞాపికలుగా పంపారు. ఇప్పుడు ఉన్నది రెండో ప్రపంచయుద్ధం నడుమ కట్టిన కొత్త వంతెన. మగవాళ్లు యుద్ధానికి పోతే ఆడకూలీలు కట్టారు కాబట్టి ఆడవాళ్ల వంతెన అని కూడా అంటారు. కుప్పం చుట్టుపక్కల క్వారీల్లో రాయి కోసేవాళ్లకు ఈ కథ వింతగా ఉండదు. రాయి చెడదు, కింద ఆనుకున్నది చెడుతుంది.

బొమ్మలకూ గండాలు తప్పలేదు. 2012 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో కున్‌స్తాల్ మ్యూజియంలోకి ఒక రాత్రి దొంగలు దూరారు. నిమిషాల్లో ఏడు బొమ్మలు ఎత్తుకుపోయారు. వాటిలో రెండు మోనేవి, 1901 నాటివి. ఒకటి వాటర్లూ వంతెన, ఇంకొకటి చేరింగ్ క్రాస్ వంతెన. దొంగలు రుమేనియాలో దొరికారు. బొమ్మలు దొరకలేదు. కొడుకును కాపాడుకోవడానికి వాటిని పొయ్యిలో వేసి కాల్చేశానని ఒక దొంగ తల్లి మొదట చెప్పింది. తర్వాత ఆ మాట వెనక్కు తీసుకుంది. ఆమె పొయ్యి బూడిదను పరీక్షిస్తే పాతకాలపు రంగుల ఆనవాళ్లూ, చట్రాలకు కొట్టే మేకులూ బయటపడ్డాయి. ఇళ్ల పొయ్యిల పొగలోంచి పుట్టిన వంతెన బొమ్మ ఇంకో ఇంటి పొయ్యి పొగలో కలిసిపోయి ఉండొచ్చు.

మరవ కాడి మోరీ

మా వైపు వంతెనలకు ఒక విడ్డూరం ఉంది. వంతెన ఉంటుంది, కింద ఏరు ఉండదు. కుప్పం దాటి పోయే పాలారు మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లు పారుతుందని పుస్తకాల్లో ఉంటుంది. పారడం అనే మాటను ఇసుకకూ వాడొచ్చంటే ఒప్పుకోవాల్సిందే. పలమనేరు కౌండిన్య, మదనపల్లె బాహుదా కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు చెట్లకూ చెత్తకూ దారిస్తాయి. వస్తే మాత్రం ఒక్కసారిగా వస్తాయి. బాహుదా నీళ్లు చేరే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరు 19న తెగినప్పుడు కింది ఊళ్లు ఏమయ్యాయో సీమలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే మా పెద్దలు వంతెన మీద నిలబడి ముందు కిందికి చూస్తారు. నీళ్లెంత అనే చూపు అది. వెలుగెంత అని చూసే తీరిక ఎక్కడిది?

పోయిన ధనుర్మాసంలో ఊరికి పోయినప్పుడు ఆ తీరిక చేసుకున్నాను. ఐదున్నరకే లేచి, మఫ్లరు చుట్టుకుని మరవ కాడికి నడిచాను. గుడి మైకులో తిరుప్పావై వస్తోంది. మైకు ఎటువైపు ఉందో తెలీడం లేదు. మోరీ దాకా వచ్చానని కాలికింద తారు మారి సిమెంటు తగిలితేనే తెలిసింది.

ఆరున్నరకు ముందు ఏమీ లేదు. ఆరున్నరకు తెలుపులో ఒక ముదురు తెలుపు గీత. అది పిట్టగోడ. తూర్పున పొద్దు కనపడదు కానీ గీతకు అటువైపు అంచు గులాబీ తిరిగింది, ఇటువైపు అంచు నీలంగానే ఉండిపోయింది. నిజంగా నీలం. సున్నం కొట్టిన గోడ నీడ బూడిదరంగులో ఉంటుందని ఇన్నేళ్లూ నమ్మినవాణ్ని నేను. కింద గుంతలో నిలిచిన నాలుగు బిందెల నీళ్లు మొదట కనపడలేదు. తర్వాత అవి ఒక పసుపు చారగా లేచాయి. చింతచెట్టు కొమ్మలు గాలిలో వేలాడుతున్నాయి, చెట్టు లేదు. ఇదంతా పది నిమిషాలు కూడా లేదు. గోడ మీది ఎన్నికల రాతల అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే, నేను చూసిన మోరీ వెళ్లిపోతోందని అర్థమైంది. ఒక కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి వెతుక్కోవాల్సిన వేళ.

అంతలో మంచు మళ్లీ ఒక తెర కమ్మింది. వెనక నుంచి హారను. మదనపల్లె మండీకి టమాటా బాక్సులు వేసుకుపోయే బొలేరో. డ్రైవరు కుర్రాడు నన్ను గోడ పక్కన చూసి ఆపాడు.

"ఏం న్నా, బండి కోసమా?"

"లేదప్పా. ఊరికే. మోరీ చూస్తా ఉండా."

వాడు అద్దం ఇంకాస్త దించి, ముందుకు వంగి, నేను చూస్తున్న వైపు చూశాడు. లైట్లు పెద్దవి వేసి ఉన్నాయి. వాటి ముందు తెల్లటి గోడలాంటి మంచు తప్ప ఏమీ లేదు.

"లైటు ఏస్తే మోరీ యాడ కనపడతాదిన్నా? మంచే కనపడేది" అని, లైటు కిందికి దించి, గేరు వేశాడు.

బండి నాలుగడుగులు పోయేసరికి బాక్సులు కరిగిపోయాయి. వెనక ఎర్రదీపం ఒక్కటే మిగిలింది. కుంచె ఒక్కసారి తగిలించి తీసినంత ఎరుపు. కాసేపు అలాగే ఉండి, అదీ పోయింది.